మేక తిన్న గడ్డి

బుధవారం.

ఊరి మేతభూమిలోకి ఒక వానకాలమంతా గొర్రెలను రానివ్వకపోతే గడ్డి ఎంత తిరిగి పెరుగుతుందో చూడడమే మా పరిశోధన. గడ్డి బాగానే పెరిగింది. ఈ రోజు కొలవడానికి వెళ్తే మేం వేసిన కంచె లేదు. ప్లాట్ల కోసం నేలంతా చదును చేసి హద్దురాళ్లు పాతారు. మా మాట మీద తన మందను ఇన్నాళ్లూ అటు పోనివ్వని మల్లయ్యన్న రోడ్డు పక్కన నిలబడి ఉన్నాడు.

"ఇగ గొర్లను ఎటు తోలాలె మేడం?" అని అడిగాడు.

కోపంగా అడిగినా బాగుండేది. తెలియదన్నాను. బస్సులో ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు. ఫలక్‌నుమా రాగానే అందరితోపాటు దిగాను.

పోయిన వారం అక్కడ కోసిన గడ్డిని ఎండబెట్టి తూకం వేద్దామని మా ఇంటి మిద్దె మీద పరిచి ఉంచాను. ఆ నేలది మిగిలింది అదొక్కటే. పైకి వెళ్తే నాలుగు పోచలు తప్ప ఏమీ లేవు. అమ్మీ పెంచుకునే మేక మూలన కూర్చుని నెమరు వేస్తోంది.

"పొద్దటిసంది ఒకటే అరుస్తుండె బేటా. ఇంట్ల మేత లేకుండె. గీ గడ్డి కనవడితే వేసిన," అంది అమ్మీ.

నాకు కోపం కూడా రాలేదు. మేక పక్కన కూర్చుని దాని మెడ నిమిరాను. మల్లయ్యన్న మందకు రేపు మేత ఎక్కడో ఆలోచించాలి. ఆలోచన సాగడం లేదు.

"మస్తు ఇష్టంగ తిన్నది," అంది అమ్మీ. "మళ్ల పోయినప్పుడు ఇంకింత తెస్తవా?"

తెస్తానన్నాను.