మేరీ వాళ్ల ఈజిప్టు మామ్మగారు

మంగళవారం, దెందులూరు

ఇందుమూలంగా మా ఇంటి ప్రజలిద్దరికీ తెలియజేయునది ఏమనగా, ఈజిప్టువాళ్లు అరబ్బులేనని టీకొట్టులో తేల్చేశాం. పొద్దున ఇలా చాటింపు వేస్తే, కువైట్‌లో ఈజిప్టువాళ్లింట తొమ్మిదేళ్లు వండిన మా ఆవిడ మేరీ ఊరుకుంటుందా?

"ఏవండీ, ఏలూరు దాటని మీకేం తెలుసు? మాట అరబ్బీయే. ఆ ఇంటి మామ్మగారి కొడుకు 'మనం అరబ్బులమే' అంటాడు. ఆవిడేమో 'అరబ్బులు రాకముందు నుంచీ ఉన్నాం, మనం ఈజిప్టువాళ్లం' అంటారు. రోజూ కంచాల దగ్గర అదే గొడవండీ. సాయంత్రం ఫోన్ చేసి ఆవిడనే అడుగుతా."

మధ్యాహ్నం ఆ కొడుకే ఫోన్ చేశాడు. మేరీ బజారుకెళ్లింది, నేనెత్తాను. మామ్మగారు పోయారని వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పి పెట్టేశాడు.

మేరీ రాగానే చెప్పాను. బజారు సంచీ గుమ్మంలోనే దించేసింది.

"నన్ను తలుచుకున్నారాండీ?"

"ఆఖరున నీ పేరే పిలిచారట."

అప్పుడు గానీ ఏడవలేకపోయింది. అతను ఆ మాట అనలేదు. నేనే కల్పించాను.