పీకేసిన మంచి పన్ను

గాయత్రి అక్కకి,

పెడన నుంచి చెల్లెలు అనసూయ నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ అందరం బాగున్నాం, నా నోరు తప్ప. ఈయనకి అద్దకాల పని తెమలడం లేదు. ఎండ ఉండగానే బట్టలు ఆరేసుకోవాలని ఒకటే హడావిడి. బావగారి మోకాళ్ళ నొప్పి తగ్గిందా?

ఫోనెందుకు ఎత్తవని మెసేజ్ పెట్టావు. ముందు పన్ను పోయి మాటకి ముందు గాలి వస్తోంది. ఈ నోటితో ఫోన్లో పోట్లాడితే నీకు నవ్వొస్తుంది. అందుకే ఉత్తరం.

పన్ను సంగతీ అడిగావు. బందరులో మంచి పళ్ళ డాక్టరు ఎవరని నేనడిగినప్పుడు ఏమన్నావు? "హర్ష ఉండగా ఊరంతా వెతుకుతావేంటే? రేపు మన జ్యోతిర్మయికి మొగుడయ్యేవాడు. మనమే వెళ్ళకపోతే పరాయివాళ్ళు వస్తారా?" సరేనని వెళ్ళాను. నొప్పి పన్ను వేలు పెట్టి మరీ చూపించాను. అతను పక్కది పీకాడు. ట్రేలో చూస్తే తెల్లగా, ఎక్కడా మచ్చ లేకుండా ఉంది. ఇదేంటి బాబూ అంటే, "పుచ్చింది అదేనండీ అత్తయ్యగారూ, మీకు తెలీదు" అన్నాడు. నీకు కాబోయే అల్లుడితో ఏం వాదిస్తాను? అలాగే బాబూ అని వచ్చేశాను.

నీకు చెప్పనిది ఒకటుంది. శుక్రవారం గుడివాడలో ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్ళాను. బయట బెంచీ మీద కూర్చుంటే లోపల నుంచి నీ గొంతు వినపడింది. "బందరులో ఒకతను నా మంచి పన్ను పీకేసి, పుచ్చిందని బుకాయించాడండీ. పోయినేడాది నుంచీ అందుకే మీ దగ్గరికి వస్తున్నా" అంటున్నావు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బస్టాండుకి వచ్చేశాను. నొప్పి పన్ను ఇంకా నోట్లోనే ఉంది.

బస్సులో ఏడ్చాను అక్కా, పంటి కోసం కాదు. చిన్నప్పటి నుంచీ నువ్వు చెప్తే ఎందుకని అడగకుండా చేసినదాన్ని. అంతా తెలిసే పంపావు. డాక్టరు సంబంధం చేజారకూడదని, హర్ష వాళ్ళమ్మ దగ్గర మంచి అనిపించుకోవాలని నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టావు. చాలా మోసం చేశావు. అతను పొరపాటని ఒప్పుకుంటే నేను మర్చిపోయేదాన్ని. మొహం మీదే అబద్ధమాడాడు.

నిన్న జ్యోతిర్మయి మెసేజ్ పెట్టింది. "పిన్నీ, హర్ష గారు నీకు ఎలా అనిపించారు? నిజం చెప్పు" అంది. ఇంకా జవాబివ్వలేదు. నీ పన్ను మళ్ళీ అతనికి చూపించడానికి భయపడ్డావు, పిల్లని మాత్రం ఇచ్చేస్తున్నావు. ఆ మాట దానికి నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?

ఇట్లు,
నీ చెల్లెలు
అనసూయ