మగది లేని జెల్ల గుడ్లు

ఏవండీ, అమ్మకి జ్వరమని ఫోనొచ్చింది, సామర్లకోట వెళ్తున్నాను. పులుసు వేడి చేసుకోండి.

అక్వేరియంలో ఆడ జెల్ల చేపని కాస్త చూస్తూ ఉండండి. పైనుంచి చూస్తే పొట్ట రెండు వైపులా ఉబ్బింది, అడుగున ఎర్రబడింది. మీసాల మూతితో అద్దం తుడవడం మొదలుపెడితే గుడ్లు పెట్టేస్తుంది.

మగది ఎండాకాలంలోనే చచ్చిపోయింది కదా, ఆ గుడ్లు తెల్లగా బూజు పట్టాలి. కిందటిసారి పట్టలేదు. వాటిలో నల్లటి కళ్ళు కనిపించాయంటే మీరు నవ్వారు. ఈసారి మీరే చూడండి.

ఒక్కరే ఉంటారని బెంగగా ఉంది.

వినీల

అన్నట్టు, అది ఎవరికో చోటిచ్చినట్టు పక్కకి జరుగుతుంటుంది. ఆ ఖాళీలో ఇసక కదిలితే చెయ్యి పెట్టకండి. నేను పెట్టాను. కంటికేమీ కనబడలేదు గానీ, మీసాలు వేలికి తగిలాయి.