నలభై పడవల కథ

12వ తేదీ, ఆదివారం

చిరంజీవి గైడమ్మకు,

నాన్న ఆశీస్సులు. మీ అమ్మా నేనూ క్షేమం. నా మోకాళ్లు మాత్రం క్షేమం కావు. కోట మెట్లు నూట పద్నాలుగన్నావు. నేను లెక్కపెట్టాను, నూట పన్నెండే. ఇదిగో, మళ్లీ మొదలెట్టాను!

నా టూరుకొస్తే అందరి ముందూ తప్పులు దిద్దుతావు, రావద్దు నాన్నా అని చేతులు జోడించావు. రానని మాటిచ్చాను. కానీ టూరుకొచ్చినవాళ్లు రాసిచ్చే చీటీలను బట్టే నెలాఖరుకు నీ ఉద్యోగం ఖాయం చేస్తారని మీ అమ్మ చెప్పాక ఇంట్లో కాలు నిలవలేదు. నిన్న ఆవిడే టిక్కెట్టు కొని, తన నల్లకళ్లద్దాలు నా ముక్కుకు తగిలించి బస్సెక్కించింది.

ఎంత బాగా చెప్పావే తల్లీ! పాత సుంకాల కచేరీ గోడకు చెయ్యి ఆనించి చూడమన్నావు. ఉప్పుగాలికి గరుకెక్కిన ఆ రాళ్లు అరచేతికి తగలగానే సిగ్గేసింది. ముప్పైయేళ్లు ఆ ఊరి తేదీలన్నీ పిల్లలచేత బట్టీ పట్టించానే గానీ, ఒక్కణ్ణయినా అక్కడికి తీసుకెళ్లలేదు. ఊరు తిప్పడం కూడా ఒక ఉద్యోగమేనా అని నిన్ను అన్నాను చూడు, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. రెండు తేదీలు తప్పు చెప్పావు, అయినా నోరు కుట్టేసుకుని అందరి వెనకా నక్కి నడిచాను.

ఇక లైట్‌హౌస్. తుఫానులో దీపానికి నూనె అయిపోతే ఊరంతా వంటింటి నూనె తెచ్చి పోశారనీ, నలభై పడవలు ఒడ్డుకు చేరాయనీ, ఆ తర్వాత నెల్లాళ్లు ఊళ్లో అందరూ నూనెచుక్క లేని తిండే తిన్నారనీ చెప్పావు. ముందువరసలో ఇద్దరు ముసలమ్మలు కళ్లొత్తుకున్నారు. అంతలో ఆ నోటుబుక్కు పెద్దమనిషి ఇది ఏ పుస్తకంలో ఉందని నిలదీశాడు. నీ మొహం పాలిపోయింది. చీటీలో ఏం గిలుకుతాడోనని ఇక ఆగలేకపోయాను.

ఒక్కసారిగా చెయ్యెత్తేశాను, కళ్లద్దాలు ఊడి కిందపడ్డాయి. ముప్పైయేళ్లు చరిత్ర చెప్పినవాణ్ణి, ఈ సంగతి నాకు బాగా తెలుసని గట్టిగా అన్నాను. ఆయన బుద్ధిగా రాసుకున్నాడు. నువ్వు ముందు నోరెళ్లబెట్టి, తర్వాత పకపకా నవ్వావు. అక్కడే ఉంటే ఏడ్చేస్తానని చీటీ ఇచ్చేసి బస్సుకు పరుగెత్తాను.

ఆ చీటీలో పదికి పది వేశాను. నా చేత్తో ఇంతవరకూ ఎవరికీ వెయ్యలేదు, నా క్లాసులో కూర్చున్న నీక్కూడా.

మురిసిపోతున్న
మీ నాన్న

తా.క.: ఆ కథ ఏ పుస్తకంలోనూ లేదే తల్లీ. ఆరేళ్లప్పుడు నీకు కామెర్లొస్తే డాక్టరు నూనె మానిపించాడు. చప్పిడి ముద్ద తుపుక్కున ఉమ్మేసేదానివి. వంటింట్లో నిలబడి అప్పటికప్పుడు ఈ కథ అల్లాను. నువ్వు ముద్ద మింగినప్పుడల్లా ఒక పడవ ఒడ్డుకు చేరేది. ఇరవయ్యైదేళ్లూ అది నిజమనే నమ్మావని నాకు నిన్ననే తెలిసింది! ఆ పెద్దమనిషి అడ్రసు పంపు, నిజం నేనే రాస్తాను. ఇకనుంచి మా నాన్న కల్పించిన కథ అనే చెప్పు. ముసలమ్మలు అప్పుడూ కళ్లొత్తుకుంటారు.