పేరు లేని కొలతలు

చిరంజీవి గుండీకి,

అద్దాల గదిలోంచి నాన్న దీవెనలు.

నేను క్షేమమే అని రాస్తే నువ్వు నమ్మవు కాబట్టి ఉన్నదే రాస్తాను. రక్తానికి పట్టిన క్యాన్సరును చంపడానికి ఎక్కించిన మందు మంచి రక్తాన్ని కూడా కడిగేసిందట. అది మళ్ళీ ఊరేదాకా చిన్న జలుబు అంటినా ప్రమాదమని నిన్ను కూడా లోపలికి రానివ్వడం లేదు. ఫోను సంగతి తెలిసిందే. నువ్వు చెప్పేదాంట్లో సగం నాకు వినపడదు, మిగతా సగం నువ్వు ఏడుస్తావు. అందుకే ఈ ఉత్తరాలు. నర్సమ్మ కిందికి తెచ్చి ఇస్తానంది.

రెండో విడత మందు కూడా ఎక్కించాలని డాక్టరు గారి పట్టు. నేను ఒప్పుకోను. ఈ విడత కాగానే ఇంటికొచ్చి నా కుట్టుమిషను ముందు కూర్చుంటాను. ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళు. దీని మీద నాతో వాదించకు.

తెల్ల గుడ్డలో ఒక చొక్కా కుట్టి పంపు. ఛాతీ ముప్ఫై రెండు, కాలరు పదమూడు. మిగతా కొలతలు చీటీలో ఉన్నాయి.

నీ మీద బెంగ పెట్టుకున్న
నాన్న

తా.క. ఇక్కడి దుప్పటి అంచు వంకరగా కుట్టారు. నాకు నిద్ర పట్టకపోవడానికి జబ్బే కారణమని వీళ్ళు అనుకుంటున్నారు.

*

నాన్నా,

కొట్టు రోజూ తెరుస్తున్నాను. చీకటి పడేదాకా మిషను వదిలి లేవడమే కుదరడం లేదు. నా గురించి దిగులు పెట్టుకోకు. బాగా తింటున్నాను, కాస్త లావెక్కాను కూడా.

ముప్ఫై రెండేమిటి నాన్నా? ఆసుపత్రిలో చేరిన రోజు నీ ఛాతీ నలభై. కుడుతూ కుడుతూ గుడ్డంతా తడిపేశాను, అందుకే చొక్కాకి రెండుసార్లు ఇస్త్రీ పడింది.

రెండో విడత వద్దనకు. అమ్మ పోయాక ఈ ఇంట్లో మనిద్దరమే. పొద్దున్నే అలవాటు కొద్దీ రెండు కప్పులు టీ పోస్తున్నాను. నీది చల్లారేదాకా చూసి, నేనే తాగేస్తున్నాను.

నీ
గుండీ

తా.క. పదమూడు మెడకి మనసొప్పక కాలరు పదమూడున్నర పెట్టాను. తింటూ ఉంటే నిండుతుంది.

*

గుండీకి,

చొక్కా అందింది. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు. కాలరు మాత్రం వదులైంది. నేను రాసిన కొలతని సవరించేంత దానివి ఎప్పుడయ్యావు?

ఇప్పుడు ఒక ప్యాంటు కావాలి. నడుము నలభై ఆరు. త్వరగా కుట్టు. వంగినప్పుడల్లా జారిపోతోంది, నలుగురిలో పరువు పోయేలా ఉంది.

మందు ఎక్కించే యంత్రం రోజంతా టకటకమంటుంది. కళ్ళు మూసుకుంటే నువ్వు పక్క మిషను మీద కుడుతున్నట్టే ఉంటుంది. కళ్ళు తెరవాలంటే బాధ. ఇంటికొచ్చేస్తాను.

నీ నాన్న

తా.క. నువ్వు పంపిన దువ్వెన భద్రంగా ఉంది. జుట్టే లేదు.

*

నాన్నా,

మొన్న ముప్ఫై రెండు ఛాతీ, ఇవాళ నలభై ఆరు నడుము. పొట్టలో నీరు చేరిందని నాకెందుకు చెప్పలేదు?

చీటీ పట్టుకుని డాక్టరు గారి దగ్గరికి పరుగెత్తాను. మా నాన్న నడుము ఇంతయింది అంటే ఆయన ముఖం మారిపోయింది. పొద్దున చూసినప్పుడు బాగానే ఉన్నారే అంటూనే స్కానింగుకు రాశారు. నన్ను కూర్చోబెట్టి, ఇంత నడుము మోసే మనిషి గుండె ఏ క్షణాన ఏమవుతుందో చెప్పలేమనీ, మెట్లెక్కడం కూడా మంచిది కాదనీ నెమ్మదిగా చెప్పారు. నాకు కళ్ళు తిరిగాయి. ఆయనే మంచినీళ్ళు ఇచ్చారు.

ప్యాంటు పంపుతున్నాను. ఏదీ దాచకుండా రాయి.

గుండె చేత్తో పట్టుకున్న
గుండీ

తా.క. మన అద్దంలో పట్టే నడుము కాదది. వచ్చాక పెద్ద అద్దం కొందాం.

*

గుండీ,

ఒక పూటంతా నా పొట్టకి చల్లటి జిగురు పూసి వెతికారు. ఏం వెతుకుతున్నారో వాళ్ళకీ తెలియదు. అదంతా నీ నిర్వాకమా?

మన కొట్టు పద్ధతి మర్చిపోయావా? చీటీ మీద కొలత రాస్తాం గానీ పేరు రాయం. ఎవరి పొట్ట ఎంతో పక్కవాళ్ళకి తెలియకూడదని మీ తాత పెట్టిన పద్ధతి. అంత మాత్రాన ప్రతి కొలతా నాదేనా? నా ఒళ్ళు నాలాగే ఉంది. చొక్కా, రోజూ నాకు రక్తం తీసే సన్నపాటి మనిషిది. ఆయన చేతులు సంచీలాంటి చొక్కాలో ఈదుతుంటే చూడలేకపోయాను. టేపు దేనికి, అద్దంలోంచి చూస్తే చాలదూ?

ఇక ఆ ప్యాంటు డాక్టరు గారిది.

ఈసారి ఆడమనిషికి ఒక చొక్కా. చీటీ ఇందులోనే పెట్టాను. ఎవరని అడగకు.

నాన్న

తా.క. కొత్త ప్యాంటు సరిగ్గా సరిపోయిందని ఆయన మురిసిపోతుంటే, చీటీలోని ఆ నలభై ఆరు ఆయనదేనని నర్సమ్మ నోరు జారింది. అప్పటినుంచి టీలో చక్కెర వద్దంటున్నారట.

*

నాన్నా,

నవ్వి నవ్వి ఏడ్చాను. ఎప్పుడు నవ్వు ఆగి ఏడుపు మొదలైందో తెలియలేదు. పేరు లేని చీటీలన్నీ నీవే అనిపించాయి, ఏం చేయను? నాకు రోజంతా నువ్వు తప్ప వేరే ధ్యాసే లేదు.

ఆడమనిషి చొక్కా కుట్టేశాను. ఎవరో గానీ, ఆ మహాతల్లి తిండి తింటుందా, మానేసిందా? ఆ భుజాలు చూస్తే హ్యాంగరుకి కుడుతున్నట్టే ఉంది. ఇంట్లో అడిగేవాళ్ళు లేరా? వాళ్ళ నాన్న ఏం చేస్తున్నాడు?

ఒక్క మాట. రెండో విడతకి ఒప్పుకో. నువ్వు వచ్చేయాలని నాకు లేదా? కానీ వచ్చాక ఉండాలి.

నీ గుండీ

తా.క. డాక్టరు గారు నన్ను చూసి పొట్ట బిగబట్టారు. నేను మర్యాదగా పైకప్పు చూశాను.

*

నా తల్లీ,

ఆ చొక్కా పైకి పంపకు. వేసుకో. అది నీదే.

రోజూ సాయంత్రం ఆసుపత్రి ఎదురుగా మందుల షాపు ముందు నిలబడతావు. నాకు తెలియదనుకుంటావు. తలెత్తి ఒక కిటికీ వైపు చాలాసేపు చూసి, చెయ్యి ఊపి వెళ్ళిపోతావు. అది దుప్పట్లు పెట్టే గది తల్లీ. నేను దాని పక్క కిటికీలో ఉంటాను. అక్కడినుంచే నేనూ చెయ్యి ఊపుతాను.

దర్జీ కూతురివై ఉండి, లావెక్కానని దర్జీకే రాస్తావా? నీ కొలత నేను చీటీ మీద రాస్తుంటే చెయ్యి ఆగిపోయింది. వాళ్ళ నాన్న ఏం చేస్తున్నాడని అడిగావు కదా. ఎన్నాళ్ళుంటే అన్నాళ్ళు అని గొప్పలు రాస్తున్నాడు.

పొద్దున రెండో విడతకి ఒప్పుకుని సంతకం పెట్టాను. ఫలిస్తుందో లేదో డాక్టరు గారు కూడా చెప్పలేనన్నారు. భయంగానే ఉంది. కానీ ఈ కొలతతో నిన్ను వదిలి పోలేను.

నీ
నాన్న

తా.క. రేపు ఒక్క అడుగు పక్కకి జరిగి నిలబడు. కరెంటు స్తంభం అడ్డమొచ్చి నీ కుడి భుజం ఊహించి రాశాను. చూడాలని ఉంది.