సుల్తాన్‌కు ఆకలైతలేదు

సౌదీ, ఆస్పత్రి క్వార్టర్
ఏప్రిల్ 10

సుమిత్రకు నీల నాయిన పరశురాములు రాసేది. నేనిక్కడ క్షేమము. మీరు అక్కడ క్షేమమని, మన ఇబ్రహీంపట్నంల కరెంటు సక్కగ అస్తుందని తలుస్తాను.

ఆస్పత్రిల ఫోన్లు పెట్టుకోనియ్యరు, అందుకే ఉత్తరం. నా వార్డుల అరవై మంది పేషంట్లు. వాళ్లకు తిండి పెట్టుడు, కడుగుడు, పొద్దుగూకంగ లెక్కపెట్టుడు నా పని. అండ్ల సుల్తాన్ అనే పెద్దాయన పది రోజుల సంది మూతి ముడుచుకోని కూసున్నడు, ఏమీ తింటలేడు. మా పెద్దసారుకు ఆయనంటే పానం. "పండుగ లోపట సుల్తాన్ బరువు పెరిగితే నీకు రెండు నెలల ఛుట్టీ. తగ్గితే ఇంకో రెండేండ్లు ఈడనే" అన్నడు. నా పాస్‌పోర్టు ఆయన కాడనే ఉంది. నీల పుట్టి మూడేండ్లాయె, నేనింకా దాని మొకం సూడలే. ఎవలన్న డాక్టరును అడిగి జల్ది రాయి.

ఇట్లు,
పరశురాములు

తా.క. నిన్న ఎనకనుంచి పోతే కాలు జాడిచ్చి తన్నిండు. పెద్దాయన గదా, ఏమనలే.


ఇబ్రహీంపట్నం
మే 2

నీల నాయినకు సుమిత్ర దండం పెట్టి రాసేది. ఇక్కడ అందరం మంచిగున్నం. నేను గడప దాటుతలేను, నీ ఇజ్జత్ కాపాడుకుంట ఇంట్లనే ఉన్న.

అంత పెద్ద ఆస్పత్రిల ఉండి డాక్టరును నన్ను అడుగుమంటవేంది? అయినా కోరుట్లల ఒక డాక్టరును అడిగిన. ఆకలి కడుపుల పుట్టదట, మెదడుల పుడుతదట! మెదడు అడుగున శెనగగింజంత జాగ ఉంటదట. ఒంట్ల కొవ్వెంత, బయట ఎండెంత అని సూసుకోని "తిను", "సాలు" అని హుకుం ఇచ్చేది అదేనట. తిన్నది అరుగుతుంటే ఒళ్లు వేడెక్కుతది. అందుకే ఎండలు ముదిరితే మెదడు తిండిని తగ్గిస్తది. నువ్వు పొద్దు పొడువకముందు, పొద్దుగూకినంక పెట్టు. సల్లటి నీళ్లు పెట్టు. ఇన్నకొద్ది ఇనబుద్ధైంది నాకు.

ఇట్లు,
సుమిత్ర

తా.క. డాక్టరు అడుగుమన్నరు: నీ పేషంటు తిన్నంక పండుకోని మళ్ల నములుతడా?


సౌదీ
మే 24

సుమిత్రకు పరశురాములు రాసేది. క్షేమమే.

నములుతడు. ఇక్కడి ముసలోళ్ల అలవాటు గది.

డాక్టరు చెప్పినట్టే చేసిన. మూడోనాటికి బకెట్ ఖాళీ! సారు నా ఈపు తట్టిండు. గని ఒక్క మాట. గడప దాటనిదానివి కోరుట్లకు ఎట్ల పోయినవ్? ఇన్నకొద్ది ఇనబుద్ధయ్యేటట్టు చెప్పే గా డాక్టరెవడు? పెండ్లయిందా? నేనేం అనుమానపడ్తలేను, ఉత్తగనే అడుగుతున్న.

ఇట్లు,
నీ పెనిమిటి

తా.క. పక్క పేషంటు నా అంగి జేబు నమిలిండు. అండ్ల నీ ఫోటో ఉండె. సగం దక్కింది.


ఇబ్రహీంపట్నం
జూన్ 15

నీల నాయినకు సుమిత్ర రాసేది.

డాక్టరు పేరు నవనీత. ఆమెకు ఇద్దరు మనుమలు. ఇగ నిమ్మలంగ పండు.

ఆమె కాడ ఒక బొద్దు ఎల్క ఉంది. మామూలు ఎల్క ఒంట్ల కొవ్వు నెత్తురుతోని మెదడుకు కబురు పంపుతదట, "ఇంట్ల గింజలున్నయ్, భయపడకు" అని. దీని కొవ్వుకు పుట్టుకతోనే ఆ కబురు పంపరాదు. ఒళ్లంత కొవ్వున్నా మెదడు కరువొచ్చిందనుకోని తింటనే ఉంటది, పాపం. నీ ఉత్తరం నలభై రోజులు రాకుంటె నేను గూడ గట్లనే, ఆకలి లేకున్నా అన్నం గిన్నె ముందరేసుకోని కూసున్న.

ఇట్లు,
సుమిత్ర

తా.క. నీ కవర్ల తెల్లటి ఉంగరాల వెంట్రుక దొరికింది. ఎవతె గా నర్సు?


సౌదీ
జులై 6

సుమిత్రకు రాసేది. నీల మీద ఒట్టు, నర్సు లేదు, గిర్సు లేదు. అది సుల్తాన్‌దే.

సుల్తాన్ ఎనిమిది కిలోలు పెరిగిండు. సారు నన్ను అలుముకున్నడు, ఛుట్టీ ఇస్తనన్నడు. అంతలనే నేను రెండు రోజులు నీళ్ల ట్యాంకర్ తోని పోవాల్సొచ్చింది. నా జాగల, నాతోటి పనిచేసే నేపాలీ ఆయన తిండి పెడితే సుల్తాన్ మూతి గూడ పెట్టలేదు. "నువ్వు పోతే వీడు సస్తడు" అని సారు ఛుట్టీ బందు పెట్టిండు. మంచిగ చేసినందుకు గీ శిక్ష ఏంది సుమిత్ర? నాకు ఏడుపస్తుంది.

ఇట్లు,
పరశురాములు

తా.క. ఇప్పుడు నాకే ఆకలైతలేదు.


కోరుట్ల
జులై 28

నీల నాయినకు సుమిత్ర వెయ్యి దండాలు పెట్టి రాసేది. ఏడువకు.

తిన్నంక పండుకోని నమిలే పేషంటు లోకంల లేడు. నువ్వు కాలు జాడిచ్చిండని రాసిననాడే నాకు అనుమానం. నములుతడని రాసిననాడు నవనీతమ్మ పడీ పడీ నవ్వి, "గొర్రెపొట్టేలు" అని ఖాయం చేసింది. ఆమె పశువుల డాక్టరు, ఆకలి మీద ఎల్కలతోని పరీక్షలు చేస్తది. గొర్లు కాస్తున్ననంటే ఊర్ల ఇజ్జత్ పోతదని దాసినవ్ గదా? నేను గూడ దాసిన. ఏడాదిన్నర సంది ఆమె కాడ ఎల్కలకు గింజలేసే కొలువు చేస్తున్న. నీలను అత్తమ్మ సూసుకుంటుంది. గల్ఫోని పెండ్లాం కొలువుకు పోతుందంటె నీకు నామోషి అని చెప్పలే. నువ్వాడ గొర్లకు, నేనీడ ఎల్కలకు. మంచిగనే జోడి కుదిరింది.

ఇగ అసలు ముచ్చట ఇను. మెదడుకు టైము, వాసన, సప్పుడు అన్నీ యాదికుంటయ్, వాటితోనే ఆకలి లేస్తది. నా గాజుల సప్పుడు ఇంటేనే మా ఎల్కలు తొట్టి కాడికి ఉరుకుతయ్. నాకు జరమొచ్చినప్పుడు సగం గూడ తినలే. ఆఖరుకు క్లర్కు వెంకటేశం సారు నా గాజులు తొడుక్కోని పెడితే తిన్నయ్! సబ్బు రాసి గుంజితే గని ఊడలే అవి.

సుల్తాన్‌కు గూడ నీ మొకం కాదు, నీ వాసన. ఉతకని నీ అంగి నేపాలీకి తొడుగు. వారం రోజులు బకెట్ ఆయన పట్టాలె, నువ్వు పక్కన నిలబడాలె. తెల్లారి రెండడుగులు ఎనుకకు జరుగు. మరునాడు ఇంకో నాలుగు. గట్లనే జరుగుకుంట ఎయిర్‌పోర్టు దాక రా.

అందరి లెక్క అత్తరు కొట్టుకోని దిగకు. బనీను మీద దిగినా, గొర్ల వాసనతోని దిగినా, నువ్వొస్తే సాలు నాకు.

ఇట్లు,
కొలువుకు పోయే నీ సుమిత్ర

తా.క. నువ్వు పోయిననాడు ఇడిసిన అంగిని నేనింకా ఉతకలే. నీల అది తలకింద పెట్టుకోనిదే పండుకోదు. కొత్తోడని నిన్ను సూసి ఏడుస్తదని భయపడకు.