మడిచిన రెండు వరుసలు

ఒరేయ్ రఘూ,

ఎట్లున్నావని రాయబోయి ఆగాను. నువ్వు పోయి నాలుగు నెలలు. జహీరాబాదులో ఎండలు ముదిరాయి. ఎండ మా పద్మను ఏం చేస్తుందో నీకు చెప్పాలా?

నువ్వుండగా చెప్పలేని మాట ఒకటుంది. నువ్వంటే నాకు కుళ్లు. ఒకే కాలేజీలో చదివితే నువ్వు హైదరాబాదులో పెద్ద నరాల డాక్టరువయ్యావు, నేనిక్కడ దగ్గుకూ జ్వరానికీ డాక్టరునయ్యాను... దానికి కాదు. నా భార్య జబ్బును నా ఇంట్లో, నా కళ్ల ముందు నువ్వు పట్టుకున్నావు చూడు, దానికి.

మా చిన్నదాన్ని ఉయ్యాలలో వేసిన తొట్టెల రోజు గుర్తుందా? బాలింత కదా, మా అత్తమ్మ రోజూ పద్మకు పొగలు కక్కే నీళ్లు పోసేది. స్నానం కాగానే కళ్లు మసకబారేవి, కాళ్లు తేలిపోయేవి. గంట పడుకుంటే మామూలే. నీరసమన్నాను. సూదులిచ్చాను. చివరికి నఖరాలన్నాను. భోజనానికి వచ్చిన నువ్వు విస్తరి ముందు కూర్చోకుండా, స్టూలు లాక్కుని ఆమె మంచం పక్కన కూర్చున్నావు.

"చెల్లే, తానం చేసినంక ఎట్లుంటది? జర నిమ్మళంగ చెప్పు."

చెప్పింది. మెడ వంచితే వెన్నులో కరెంటు పాకినట్టు అవుతుందట. రెండేళ్లుగా అట! ఒకే ఇంట్లో ఉన్న నాకెందుకు తెలియలేదు?

హైదరాబాదుకు పిలిపించి, వెన్నులో నీరు తీసి చూసి, మల్టిపుల్ స్క్లెరోసిస్ అన్నావు. ఒంటిని కాపాడాల్సిన శక్తే నరాల పైపొరను తినేస్తోందని, వేడి తగిలితే ఆ నరాలు ఇంకా మొరాయిస్తాయని అత్తమ్మకు విడమరిచి చెప్పావు. మన దేశంలో అరుదని మనం చదువుకున్న జబ్బు. మెదడుకు ఫోటో తీసే మిషన్లు లేని ఆ రోజుల్లో నీకు అనుమానం రావడానికి ఒక్క ప్రశ్న చాలింది. బాలింతకు చల్లారిన నీళ్లా అని కస్సుమనాల్సిన అత్తమ్మ, నీ మాట మీద పొయ్యిలోంచి కట్టెలు లాగేసింది. నా మాట ఆమె ఏనాడైనా విన్నదా?

ఎలా పట్టావని అడిగితే నవ్వావు.

"నువ్వు నిలవడి అడుగుతవ్ రా. నేను కూసొని అడుగుత. గంతే ఫరక్."

ఒళ్లు మండిపోయింది.

అప్పట్నుంచి నెలనెలా నీకు పద్మ ఇన్లాండ్ లెటరు రాసేది. పోస్టు డబ్బాలో వేసేది నేనే. పదకొండేళ్లు! ఏం రాస్తుందో... ఒకసారి చాయ్ గిన్నె ఆవిరి పట్టి విప్పాను. ఏ రోజు ఏ వేలు తిమ్మిరెక్కిందో రాసింది. చివర మాత్రం, నాకేదైనా చెబితే పేపరు దించకుండానే ఊ కొడతానని ఉంది. మళ్లీ అంటించి పోస్టు చేశాను. సిగ్గు లేకుండా మర్నాడూ అట్లాగే పేపరు చదివాను. విప్పిన సంగతి నీకు తెలిసే ఉంటుంది. అడగలేదేం?

నువ్వు పోయాక ఉత్తరాలు ఆగిపోయాయి. ఒంట్లో బాగానే ఉంది కాబోలు అనుకున్నాను. మొన్న బియ్యం డబ్బా వెనక ఒకటి దొరికింది. అంటించి ఉంది. పైన నీ పేరే. తేదీ పోయిన వారానిది. పోయినవాడికి చెప్పుకుంది గానీ, పక్కనున్న నాకు కాదు! బతికుంటే ఆ క్షణాన నీ గల్లా పట్టుకునేవాణ్ణి.

ఈసారి విప్పలేదు. స్టూలు లాక్కుని పద్మ ఎదుట కూర్చుని, నువ్వే చదువు అన్నాను. అంటించిన అంచు తనే చింపింది. తర్వాత కాగితాన్ని కుడికంటికి దగ్గరగా పెట్టుకుని చదివింది. మూడు వారాలుగా ఎడమకన్ను మసకట. పప్పులో రాళ్లు కనబడక చిన్నదాని చేత ఏరిస్తోందట. ఆ పప్పే నేను రోజూ తిన్నాను రఘూ, ఉప్పు తక్కువైందని వంకపెట్టి మరీ.

రేపు పొద్దున మొదటి బస్సుకు హైదరాబాదు పోతున్నాం, నీ శిష్యురాలి దగ్గరికి. ఏం చెబుతుందో... కన్ను మళ్లీ తేటపడుతుందా?

చివరి రెండు వరుసలు పద్మ చదవలేదు. అవి రఘన్నకు అని కాగితం మడిచి ఒళ్లో పెట్టుకుంది. అడుగుదామని నోటిదాకా వచ్చింది. లాక్కుందామనీ అనిపించింది, అబద్ధమెందుకు? అడగలేదు.

ఆ రెండు వరుసలు నువ్వే ఉంచుకో. మిగతావన్నీ ఇక నాకు కావాలి. స్టూలు ఆమె మంచం పక్కనే ఉంచేశాను.

ఇంకా కుళ్లుకుంటూనే,
నీ సత్తి